కుక్కకు ‘ఇవ్వు’ అనే మాట నేర్పడం


ఉపాధి కోసం హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలకు వచ్చి అద్దె ఇళ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో కుక్కలను పెంచేవారున్నారు. ఇరుకు వాకిలిలో రోజంతా గొలుసుతో కట్టి ఉంచిన కుక్క విసుగుతో మొరుగుతుంది, చెప్పులు కొరుకుతుంది. ఇరుగుపొరుగుతో తగవు అక్కడే మొదలవుతుంది. దానికి ఆట అవసరం.

విసిరిన వస్తువును తెచ్చి ఇవ్వడం అన్ని కుక్కలకూ పుట్టుకతో రాదు. లాబ్రడార్‌ను వేటలో కూల్చిన పక్షులను తెచ్చేందుకు పెంచారు. తమిళనాటి చిప్పిపారై కుందేలును కంటితో చూసి తరిమే జాతి. బంతి వెంట పరుగెత్తినా తిరిగి తేకపోవచ్చు. అది మొండితనం కాదు. ఓర్పుతో నేర్పాలి.

మొదట నేర్పవలసింది మార్పిడి. గదిలోనే రెండు బొమ్మలతో ఆరంభించాలి. ఒకటి నోట పట్టగానే రెండవదాన్ని ఆడించి చూపాలి. మొదటిది వదిలే క్షణంలో ‘ఇవ్వు’ అని పలికి, మెచ్చుకొని, రెండవది విసరాలి. లాక్కోరాదు, వెంటపడరాదు, అలా చేస్తే కుక్క దాచుకోవడం నేర్చుకుంటుంది. బంతి గొంతులో ఇరుక్కోనంత పెద్దదై ఉండాలి. కుక్క అలసిపోకముందే ఆట ముగించాలి.

ఈ మాట వంటబట్టిన కుక్క వీధిలో దొరికిన ఎముకనైనా వదలగలుగుతుంది. దాని నోట చేయి పెట్టవలసిన ప్రమాదం పిల్లలకు తప్పుతుంది. రేబిస్ టీకా వేయించడంతో పాటు ఈ శిక్షణ కూడా యజమాని బాధ్యతే.