సముద్రంపై గాలిని ఉపగ్రహం ఎలా కొలుస్తుంది?



నేల మీద గాలి వేగాన్ని అనిమోమీటర్‌తో కొలుస్తాం. మరి నౌకలు అరుదుగా తిరిగే బంగాళాఖాతం నడిమధ్యలో ఎలా కొలవాలి?

ఒకసారి చెరువు గట్టున నిలబడి చూడండి. చిరుగాలి వీచగానే నీటిపై సన్నని ముడతలు పడతాయి. గాలి హెచ్చితే ముడతలూ హెచ్చుతాయి. ఉపగ్రహం గమనించేది గాలిని కాదు, ఈ ముడతలనే. ఆ పని చేసే రాడార్ పరికరం పేరు స్కాటరోమీటర్.

ఇది మైక్రోవేవ్ తరంగాలను ఏటవాలుగా సముద్రంపైకి పంపుతుంది. నీరు అద్దంలా ఉంటే అవి పరావర్తనం చెంది అవతలికి పోతాయి. ముడతలుంటే కొంత శక్తి వెనక్కి వస్తుంది. ఆ శక్తిని బట్టి గాలి వేగాన్ని లెక్కిస్తారు. గాలికి ఎదురుగా చూసినప్పుడు ఎక్కువ శక్తి, అడ్డంగా చూసినప్పుడు తక్కువ శక్తి తిరిగి వస్తుంది. అందుకే ఒకే చోటును వేర్వేరు దిక్కుల నుంచి చూసి గాలి దిశను నిర్ణయిస్తారు.

ఇలాంటి పరికరాలతో ఓషన్‌శాట్-2 2009లో, స్కాట్‌శాట్-1 2016లో, ఓషన్‌శాట్-3 2022లో శ్రీహరికోట నుంచి నింగికెగిశాయి.

చీకటి, మేఘాలు ఈ తరంగాలకు అడ్డు కావు. భారీ వర్షం మాత్రం లెక్కను తప్పిస్తుంది. కారణం, వాన చినుకులు కూడా తరంగాలను చెదరగొడతాయి. తుపానులోనేమో వాన తప్పదు! అందుకే శాస్త్రజ్ఞులు ఈ ఒక్క కొలతనే నమ్మరు. సముద్రంపై తేలే పరికరాల కొలతలతో సరిచూస్తారు.

తుపాను సుడి ఎక్కడుందో, బలమైన గాలులు ఎంత దూరం వ్యాపించాయో తెలిస్తేనే హెచ్చరిక సరిగా ఇవ్వగలం. వేటకు వెళ్లిన మత్స్యకారుడికి ఆ కబురు ఒక పూట ముందు అందితే, పడవను ఒడ్డుకు చేర్చుకునే వ్యవధి దొరుకుతుంది.