పొట్ట ఒక్కరిది, ఖర్చు ఇంటిల్లిపాదిది



నూలు ధర గురించో, రిబేటు గురించో మాట్లాడతానని అనుకుని ఉంటారు. ఈ రోజు పొట్ట గురించి మాట్లాడతాను. నేను డాక్టర్ను కాను, సొసైటీ లెక్కలు రాసేవాణ్ణి. ఆ లెక్కలు చూసే నాకు భయం పట్టుకుంది.

మా షోలాపూర్‌లో ఒకప్పుడు సభ్యులు పెళ్ళికో, ఇంటి కప్పుకో అప్పు అడిగేవారు. ఇప్పుడు షుగర్ మందులకు, మోకాళ్ళకు, గుండె ఆపరేషన్‌కు అడుగుతున్నారు. మందుల ఖర్చుకు బిల్లు ఉంటుంది. పని ఆగిన రోజుల కూలికి, ఆస్పత్రికి తోడు పోయిన కొడుకు కూలికి ఏ బిల్లూ ఉండదు.

ఒళ్ళు ఊరికే పెరగలేదు. మా నాయన గుంత మగ్గంలో పొద్దంతా కాళ్ళూ చేతులూ ఆడించేవాడు. వీధిలో పడుగు సాపు చేస్తూ అటూ ఇటూ నడిచేవారు. నాలుగు జొన్న రొట్టెలు తిన్నా అరిగిపోయేవి. ఇప్పుడు కొందరు సాంచల దగ్గర నిలబడతారు, కొందరు దుకాణంలో కూర్చుంటారు. బీడీలు చుట్టే అక్కలైతే గంటల తరబడి కదలరు. వాళ్ళు సోమరులు కారు, పనే అట్లాంటిది. పని మారింది గానీ పళ్ళెం మారలేదు.

దీనికి తోడు మన మర్యాదలు. పెళ్ళి బంతిలో వద్దంటే, "మా ఇంటి తిండి నచ్చలేదా?" అంటాం. కోడలు సన్నగా ఉంటే అత్త తిండి పెట్టడం లేదంటాం. పొట్ట వస్తే సేటు లాగున్నాడని మెచ్చుకుంటాం.

నా తప్పు కూడా చెప్పాలి. ప్రతి మీటింగుకూ బజ్జీలు, చక్కెర చాయ్ తెప్పించింది నేనే. షుగర్ ఉన్న ఒక సభ్యుడు ఒకనాడు అన్నాడు: "సెక్రెటరీ సాబ్, ఇంట్లో మానేస్తున్నాను, ఇక్కడికొస్తే మానలేకపోతున్నాను." ఆ మాట నాకు సూదిలా గుచ్చుకుంది.

అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్ళో 12 వేల మందికి పైగా మనుషుల 32 ఏళ్ళ లెక్కలు చూసి 2007లో ఒక సంగతి చెప్పారు. స్నేహితుడు లావైతే మనమూ లావయ్యే అవకాశం 57 శాతం పెరుగుతుందట. దాని మీద పండితులు వాదించుకున్నారు. మన బంతి భోజనం చూసినవాడికి మాత్రం అందులో వింతేమీ కనబడదు.

మన దేశంలో 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూరుమంది ఆడవాళ్ళలో 24 మందిది, మగవాళ్ళలో సుమారు 23 మందిది అధిక బరువు. మగవారి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవారి నడుము 80 దాటకూడదని డాక్టర్లు అంటారు. 90 అంటే మన గజానికి పిసరంత తక్కువ. బట్ట కొలిచే చేతులే కదా, నడుము కూడా కొలుచుకుందాం.

మా ఆఫీసులో ఇప్పుడు చాయ్‌లో చక్కెర వేయం, కావలసినవారు వేసుకుంటారు. బజ్జీల బదులు శెనగ గుడాలు పెడుతున్నాం. మొదట్లో సెక్రెటరీ పిసినారి అయ్యాడని నవ్వారు. ఇప్పుడు అడిగి మరీ తింటున్నారు.

మీ అందరికీ నా మనవి ఒక్కటే. లావున్నవారిని ఎగతాళి చేయకండి. సిగ్గుపడ్డ మనిషి డాక్టరు దగ్గరికి పోడు. వద్దన్నవారికి బలవంతంగా వడ్డించకండి. రేపటి నుంచి వాడకట్టుకు పదిమంది కలిసి పొద్దున నడవండి. ఒక్కడి వల్ల కానిది పదిమంది కలిస్తే అవుతుందనే కదా మన పెద్దలు సహకార సంఘాలు పెట్టుకున్నది.

జై మార్కండేయ.