ముందు రొట్టె, తరువాత మాట
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శి గారు ఫోన్ చేసి, "కష్టకాలంలో మీ విశ్వాసం మళ్ళీ ఎలా చిగురించిందో ఒక పావుగంట చెప్పండి" అన్నారు. వెంటనే ఒప్పుకోలేదు. దానికి రెండు కారణాలు. ఒకటి, ఇక్కడ అన్ని మతాలవాళ్ళం ఉన్నాం. బడిలో ఉన్నప్పుడు క్రిస్మస్ కేకు, రంజాన్ సేమ్యా, సంక్రాంతి సకినాలు ఒకే టిఫిన్ డబ్బాలో పెట్టుకుని తిన్నవాళ్ళం. నేను క్రైస్తవుణ్ణి కాబట్టి నా ఇంటి మాటల్లోనే చెప్పగలను. మీరు వాటిని మీ ఇంటి మాటల్లోకి మార్చుకోండి. రెండో కారణం, చెప్పడానికి నా దగ్గర గెలుపు కథ లేదు. ఎండిపోయిన కథ ఉంది. అందులో ఒక చిన్న చిగురు ఉంది. అంతే.

2021 మే నెలలో నా భార్య కరోనాతో పోయింది. పన్నెండు రోజులు ఆక్సిజన్ మీద ఉంది. నారాయణగూడ సమాధుల తోటలో భూస్థాపన జరిగినప్పుడు మేం ఉన్నది నలుగురం. పాట లేదు. పాస్టరు గారు మాస్కు లోంచి చేసిన ప్రార్థన సగమే వినిపించింది. చిన్నప్పుడు శాంతి థియేటర్‌లో సినిమాకి వెళ్తూ ఆ వైపు చూడటానికే భయపడేవాళ్ళం. ఆ రోజు ఆ తోట లోపలే నా ఇల్లు మిగిలిపోయినట్టు అనిపించింది.

నేను ఇరవై ఏళ్ళు సండే స్కూల్లో పాఠాలు చెప్పినవాణ్ణి. ఎవరింట్లో కష్టం వచ్చినా వెళ్ళి వాక్యం చదివి, ప్రార్థన చేసి వచ్చేవాణ్ణి. నా వంతు వచ్చేసరికి నోరు పెగల్లేదు. మోకాళ్ళ మీదికి వంగితే ఆమె మంచం కనిపించేది, లేచిపోయేవాణ్ణి. వాట్సాప్‌లో రోజుకు ముప్పై నలభై వాక్యాలు వచ్చేవి. పంపినవాళ్ళది ప్రేమే, కాదనను. కానీ ఒక్కటీ తెరవలేదు. "దేవునికి ఏదో ఉద్దేశం ఉంటుంది" అని ఎవరైనా అంటే ఫోన్ పెట్టేసేవాణ్ణి. ఇతరుల ఇళ్ళలో నేను కూడా అదే మాట ఎన్నిసార్లు అన్నానో గుర్తొచ్చి సిగ్గేసింది.

ఆ రోజుల్లో మన బ్యాచ్ మిత్రుడొకడు, ఎనిమిదో తరగతి నుంచి నా పక్క బెంచీ, రోజూ మధ్యాహ్నం అశోక్‌నగర్ నుంచి స్కూటర్ మీద వచ్చేవాడు. క్యారియర్ మా గేటుకు తగిలించి, బెల్లు కొట్టి, రోడ్డు అవతల నిలబడేవాడు. నేను వచ్చి తీసుకునేదాకా కదిలేవాడు కాదు. అన్నం, పప్పుచారు, ఒక వేపుడు. వాళ్ళావిడ వండి పంపేది. మొదట్లో అలాగే పక్కన పెట్టేసేవాణ్ణి. తొమ్మిదో రోజు నిన్నటి క్యారియర్ బరువుగానే తిరిగి ఇస్తే వాడికి అర్థమైంది. రోడ్డు అవతల నుంచే అరిచాడు: "అరేయ్, దేవుడితో మాట్లాడకపోతే మాట్లాడకు. అన్నం మాత్రం తిను!"

ఆ రోజు తిన్నాను. తిని, చాలా రోజుల తరువాత నిద్రపోయాను.

లేచాక బైబిల్ తీశాను. భక్తితో కాదు, ఒక అనుమానంతో. మొదటి రాజుల గ్రంథం పంతొమ్మిదో అధ్యాయం. సండే స్కూల్లో ఎన్నోసార్లు చెప్పిన పాఠమే. కర్మెలు కొండ మీద గెలిచిన ఏలీయా, యెజెబెలు బెదిరింపుకు పారిపోయి, అరణ్యంలో బదరీవృక్షం కింద కూర్చుని చావు కోరుకుంటాడు. దేవుడు అతణ్ణి గద్దించలేదు. పాఠం చెప్పలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి, నిప్పుల మీద కాలిన రొట్టె, కూజాలో నీళ్ళు చూపించాడు. తిని మళ్ళీ పడుకున్నాడు. మళ్ళీ లేపి మళ్ళీ పెట్టాడు. ఆ తరువాతే నలభై రోజుల నడక. హోరేబు కొండ దగ్గర ప్రశ్న వచ్చింది అంతా అయ్యాకే. నేను పాఠం చెప్పినప్పుడల్లా కొండ దగ్గరికి తొందరపడ్డాను. రొట్టె దగ్గర ఎప్పుడూ ఆగలేదు.

యోహాను సువార్త చివరి అధ్యాయంలోనూ అదే వరుస. మూడుసార్లు ప్రభువును ఎరగనన్న పేతురుతో యేసు మాట్లాడాల్సింది ఎంతో ఉంది. కానీ ముందు సరస్సు ఒడ్డున నిప్పులు రాజేసి, చేప కాల్చి, రొట్టె పెట్టాడు. తిన్నాకే అడిగాడు. ముందు రొట్టె, తరువాత మాట.

మన ఊరి చరిత్రలో కూడా ఇది ఉంది. చిక్కడపల్లి దాటి ముషీరాబాద్ వైపు వెళ్తే గోల్కొండ క్రాస్ రోడ్స్ దగ్గర హెబ్రోను ఉంది. దాన్ని స్థాపించిన భక్త సింగ్ గారు 1903లో పంజాబులో ఒక సిక్కు కుటుంబంలో పుట్టారు. ఇంగ్లండులో, కెనడాలో ఇంజనీరింగ్ చదివి, అక్కడ క్రీస్తును నమ్మి, 1933లో తిరిగి వచ్చారు. బొంబాయిలో కలిసిన తల్లిదండ్రులు విశ్వాసాన్ని రహస్యంగా ఉంచుకోమన్నారు. ఆయన ఒప్పుకోలేదు. ఇంటికి వెళ్ళే దారి అక్కడే మూసుకుపోయింది. అటువంటి మనిషి తరువాత హైదరాబాదులో ఏం చేశారు? గంటల తరబడి ఆరాధన జరిగాక ఎవరూ ఆకలితో వెళ్ళకుండా అందరినీ నేల మీద వరుసగా కూర్చోబెట్టి ప్రేమ విందు పెట్టించారు. ఇల్లు పోగొట్టుకున్న మనిషి, ఎవరొచ్చినా అన్నం దొరికే ఇల్లు కట్టాడు. చివరి ఏళ్ళలో పార్కిన్సన్స్ వ్యాధితో ఆయన మంచాన పడ్డారు. అంతమందికి పెట్టించిన మనిషిని ఇతరులు చూసుకోవాల్సి వచ్చింది. 2000 సెప్టెంబరు 17న కన్నుమూశారు. ఆయన సమాధి కూడా నారాయణగూడ తోటలోనే ఉంది. నా భార్యను చూడటానికి వెళ్ళినప్పుడు అక్కడ కూడా కాసేపు నిలబడతాను.

మెదక్ చర్చి మీలో చాలామంది చూసే ఉంటారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలపు కరువులో, ఊరికే గంజి పోస్తే మనిషి మర్యాద నిలవదని, పని ఇచ్చి అన్నం పెట్టాలని చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర ఆ కట్టడం మొదలుపెట్టారని చెబుతారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. 175 అడుగుల ఆ గోపురాన్ని చూసి మనం ఫోటోలు తీసుకుంటాం. దాని పునాదిలో ఉన్నది ఆకలిగొన్నవాళ్ళ పూట కూడు.

అయితే అన్నం తినగానే నా ప్రార్థన తిరిగొచ్చేసిందా? లేదు. దాదాపు ఏడాది పట్టింది. మా సంఘంలో ఒక వృద్ధ పాస్టరు గారు ఉన్నారు. "నీకు ప్రార్థన రాకపోతే ఊరుకో బాబూ. నీ వంతు నేను చేస్తాను. నువ్వు వచ్చి నా పక్కన కూర్చో చాలు" అన్నారు. గుడి తెరిచాక వెళ్ళి కూర్చున్నాను. పాడలేదు. పాడుతున్నవాళ్ళ మధ్య ఉన్నాను. తరువాత ఎనభై ఎనిమిదో కీర్తన నా చేతికి తగిలింది. మిగతా మొర కీర్తనల్లా కాకుండా అది చీకటితోనే ముగుస్తుంది. ఆశ మాట ఒక్కటీ చివర్లో అతికించలేదు. దాన్ని కూడా పరిశుద్ధ గ్రంథంలో ఉంచారంటే, కోపంతో అడిగినదీ ప్రార్థనే అని అర్థమైంది. ఆ రాత్రి దేవుణ్ణి గట్టిగా అడిగాను, ఎందుకు తీసుకెళ్ళావని. జవాబు రాలేదు. ఈ రోజుకీ రాలేదు. కానీ మాట కలిసింది. కోపంగానైనా మేం మళ్ళీ మాట్లాడుకుంటున్నాం.

ఇప్పుడు ప్రతి గురువారం నేనూ, ఆ మిత్రుడూ కలిసి ఆస్పత్రి బయట రోగుల తోడుగా వచ్చినవాళ్ళకు భోజనం పొట్లాలు ఇస్తున్నాం. వాక్యం చెప్పం. అడిగితే మాట్లాడతాం.

మిత్రులారా, మీలో ఎవరికైనా ఇప్పుడు ఎండాకాలం నడుస్తుంటే ఒక్క మాట. మీ విశ్వాసం చచ్చిపోయిందని తొందరపడి తీర్పు చెప్పుకోకండి. తినండి, పడుకోండి. నెలలు గడిచినా దిగులు వదలకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళండి, అది అపనమ్మకం కాదు. మీ బదులు ఎవరైనా ప్రార్థిస్తానంటే చేయనివ్వండి. ఇక మీ పక్కింట్లో దుఃఖం ఉంటే, మాట తీసుకెళ్ళే ముందు క్యారియర్ తీసుకెళ్ళండి.

నా మిత్రుడు ఇదే హాల్లో ఉన్నాడు. పేరు చెప్పొద్దని బెదిరించాడు కాబట్టి చెప్పను. వాడు శనివారం శనివారం వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్తాడు. నా వరకు, బదరీవృక్షం కింద రొట్టె తెచ్చింది వాడే. ఒరేయ్, ఈ రోజు భోజనాలకు నువ్వు నా పక్కనే కూర్చోవాలి.

సెలవు.