మందిరపు మెట్లు



శతాబ్ది ఉత్సవముల ఈ వేళ మన పితరులు కట్టిన మందిరములను చూచి దేవుని స్తుతించుచున్నాము. వాటిలోనికి ఎవరు రాలేకపోవుచున్నారో కూడ నేడు ఆలోచింపవలెనని మా మనవి.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో ఇల్లయినను మందిరమయినను ఎత్తు మీద కట్టుట మన వాడుక. వాననీరు, పురుగుపుట్ర లోనికి రాకుండుటకు అది మంచిదే. కాని పక్షవాతము వచ్చిన పెద్దాయనకు, చూపు తగ్గిన అవ్వకు, వలస పనిలో నడుము విరిగి తిరిగివచ్చిన కూలికి ఆ నాలుగు మెట్లే కొండ. మన దేశమున 2011 తరువాత సహజ పోలియో వైరస్ ఎవరికిని సోకలేదు. 2014లో దేశము పోలియో రహితమని ప్రకటింపబడెను. అయినను అంతకుముందు దాని బారిన పడినవారు నేడు మన మధ్య నడివయస్సు దాటుచున్నారు.

“నలుగురము మోసికొని వచ్చెదము గదా, వాలుబాట ఎందుకు?” అని కొందరు అడుగుదురు. మోసెడి ప్రేమ గొప్పదే. అయితే ప్రతి ఆదివారము మరొకరిని పిలువవలసినవాడు కొన్నాళ్లకు సిగ్గుపడి ఇంటనే ఉండిపోవును. మార్కు సువార్త రెండవ అధ్యాయములోని పక్షవాయువు గలవానిని నలుగురు మోసిరి, కప్పు విప్పిరి. ఎందుకు? గుంపు వాకిలి అడ్డగించినది గనుక. ప్రభువు వానిని స్వస్థపరచి, తన పరుపు తానే ఎత్తుకొని ఇంటికి పోనిచ్చెను. మోయబడి వచ్చినవాడు తనంతట తాను వెళ్లెను.

ఇల్లు కట్టు పద్ధతి కూడ దైవాజ్ఞలోనిదే. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో, ఎవడును పడిపోకుండునట్లు మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని ఉన్నది. మన దేశమున 2016లో చేయబడిన వికలాంగుల హక్కుల చట్టము కూడ ప్రజలు వచ్చిపోవు కట్టడములు అందరికి అనువుగా ఉండవలెననుచున్నది.

పని పెద్దది కాదు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు చొప్పున వాలు ఉంచవలెను. రెండడుగుల ఎత్తైన మందిరమునకు ఇరువది నాలుగు అడుగులు కావలెను. స్థలము చాలనిచోట నడుమ చదునుచేసి మలుపు త్రిప్పవచ్చును. షాబాదు బండ తడిసిన జారును గనుక గరుకుగా చెక్కించవలెను. రెండు ప్రక్కల పట్టుకొను కడ్డీ, మూడడుగుల వాకిలి, మెట్ల అంచున తెల్లరంగు గీత, మరుగుదొడ్డిలో కూర్చుండు పీట, గోడకు పిడి ఉన్న చాలును. లోపల ఒక బల్లను కొంచెము తగ్గించినయెడల చక్రాల కుర్చీ కుటుంబము ప్రక్కనే నిలుచును; వాకిలి దగ్గర వేరుగా నిలుపవలసిన పని ఉండదు.

1915లో డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ కుష్ఠరోగుల కొరకు ఆసుపత్రి స్థాపించినప్పుడు, ఊరు వెలివేసినవారికి ఒక చోటు దొరికెను. నేడు మన వంతు వారిని వేరుచోట ఉంచుట కాదు, మన నడుమ కూర్చుండబెట్టుట.

శతాబ్ది జ్ఞాపకముగా స్వాగత తోరణము కట్టవలెనని పలు సంఘములలో తలంపు కలదు. తోరణమునకు ముందు వాలుబాట కట్టుడని సంఘపెద్దలను వేడుకొనుచున్నాము. కొలతలు వేయుటకు ముందు, దానిమీద నడువబోవువారినే అడుగుడి. ఎక్కడ కష్టమో వారికే తెలియును. పిమ్మట మీ ఇంటి గడపను, స్నానపు గదిని కూడ చూచుకొనుడి. ముసలితనము మనలనెవరిని విడువదు.

మెఫీబోషెతుకు రాజు బల్లయొద్ద చోటు దొరికినట్లు, ప్రభువు బల్లయొద్ద అందరికి చోటు దొరకును గాక. ఆమేన్.