ఈతయు, జీవనమును



మరమగ్గముల చప్పుడు నడుమ పెరుగుచున్న మన షోలాపూరు పిల్లలు ఈతకొలనుకు పోయెదమని అడిగినప్పుడు పెద్దలు వేయు ప్రశ్న ఒక్కటే: "ఈత కూడు పెట్టునా?" ఈ ప్రశ్నను మేము తేలికగా త్రోసివేయము. చెమటోడ్చి ఇల్లు నడపువారు అడుగవలసిన ప్రశ్నయే అది. అందుకు బదులుగా ఇద్దరు ఈతగాండ్ర చరిత్రను మీ ముందుంచుచున్నాము.

మొదటివారు మన తెలుగువారు. నాటి గుంటూరు జిల్లా రేపల్లె ప్రాంతమునకు చెందిన షంషేర్ ఖాన్ గారు. పల్లెటూరి నీళ్ళలో ఈత నేర్చి, సైన్యమున చేరి, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో మన దేశము పక్షమున ఈదిరి. సైన్యము వారికి జీతముతో పాటు అభ్యాసమునకు అవకాశము కూడ ఇచ్చెను. వారు 2017లో కీర్తిశేషులైరి.

రెండవవారు మన పొరుగున నున్న కొల్హాపురమునకు చెందిన వీర్‌ధవల్ ఖాడే గారు. వారిది ఫ్రీస్టయిల్. ఈ పందెములో ఏ రీతినైనను ఈదవచ్చునని నియమము. అయినను వేగము కొరకు అందరును బారలు వేసియే ఈదుదురు. ఖాడే గారు పదునేడేండ్లు నిండకమునుపే, 2008లో బీజింగు ఒలింపిక్కులలో 50, 100, 200 మీటర్ల ఫ్రీస్టయిల్ పందెములలో పాల్గొనిరి. 2010 ఆసియా క్రీడలలో 50 మీటర్ల బటర్‌ఫ్లై పందెమున కాంస్య పతకము గెలిచిరి. ఆ క్రీడల ఈతలో మన దేశమునకు 24 ఏండ్ల తరువాత లభించిన పతకమది. 2011లో అర్జున పురస్కారము వచ్చినది. మహారాష్ట్ర ప్రభుత్వము తహసిల్దారు ఉద్యోగమిచ్చినది.

కావున ఈత కూడు పెట్టినది. కాని ఆ కూటి కొరకు చేయవలసిన కొలువే ఈతను కొన్నియేండ్లు దూరము చేసినది. పిమ్మట వారు తిరిగి నీటిలో దిగిరి. 2018లో జకార్తా ఆసియా క్రీడలలో 50 మీటర్ల ఫ్రీస్టయిల్ తుదిపోటీని 22.47 సెకండ్లలో ముగించిరి. కాంస్యము 22.46 సెకండ్లకు పోయినది. ఆ తేడాలో మగ్గముపై నాడె ఒక్కసారి కూడ అటునుండి ఇటు రాజాలదు. అభ్యాసము తెగకుండిన ఏమయ్యెడిదో యను తలంపు ఎవరికైనను కలుగక మానదు.

ఈ రెండు జీవితములనుండి మనము గ్రహింపవలసినది ఒక్కటి. జీవనము పడుగైనచో అభ్యాసము పేక; ఒకటి తెగినను గుడ్డ నిలువదు. ఈతగానికి దేహము పదునెక్కునది ఉన్నత పాఠశాలనుండి కళాశాల వరకు గల ఏండ్లలోనే. పెద్ద పరీక్షలు వచ్చునదియు అప్పుడే. పదవ తరగతి రాగానే కొలను మానిపింపక, ఉదయమున ఒక గంట విడిచిపెట్టుడని మా మనవి. చదువును మానవలదు, ఈతను మానవలదు.

ప్రతి బిడ్డయు ఒలింపిక్కులకు పోవునని మేము చెప్పుట లేదు. శిక్షకుని యెదుట ఈత నేర్చిన బిడ్డకు నీటి గండము తగ్గును; అదియే గొప్ప లాభము. శిక్షకుడు లేనిదే ఎవరిని చెరువులో దిగనీయకుడు. ఆడపిల్లలకును ఈ అవకాశము సమానముగా దక్కవలెను.