కళ్ళెలో దొరకని టీబీ
(మహిళా సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



టీబీ అనగానే ఏం గుర్తొస్తుంది? దగ్గు. కళ్ళె. కళ్ళెలో రక్తం. ఇదంతా నిజమే. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే కళ్ళె పరీక్ష చేయించుకోవాలి. ఈ మాట ఆస్పత్రి గోడ మీద రాసి ఉంటుంది. మీరు చదివే ఉంటారు.

కాని కళ్ళె పడని టీబీ కూడా ఉంది. అది ఊపిరితిత్తి మీద ఉండే పొరకు వస్తుంది. పక్కలో నొప్పితో మొదలవుతుంది. చాలామంది దాన్ని పని నొప్పి అనుకుంటారు. మోపు ఎత్తినప్పుడు పట్టేసిందంటారు. వాయువు అంటారు. కాపడం పెడతారు. వారాలు గడిచిపోతాయి. అందుకే ఈ రోజు ఈ జబ్బును ఎలా కనిపెడతారో చెప్పుకుందాం.

పొర అంటే ఏమిటి?

ఉల్లిపాయ ఒలిస్తే లోపల పల్చని పొర వస్తుంది. చూశారు కదా! మన ఊపిరితిత్తి మీద కూడా అలాంటి పల్చని పొర ఉంటుంది. పక్కటెముకల లోపలి వైపు ఇంకో పొర ఉంటుంది. ఈ రెండింటి మధ్య కొంచెం తడి ఉంటుంది. చెంచాలతో కొలిచేంత, అంతే. ఊపిరి పీల్చినప్పుడల్లా ఒక పొర మీద ఇంకో పొర జారుతుంది. ఆ తడి వల్లే ఒరుసుకోకుండా జారుతుంది.

టీబీ క్రిములు ఈ పొరల్లోకి చేరాయనుకోండి. పొరలు వాస్తాయి. ఒకదానికొకటి ఒరుసుకుంటాయి. అప్పుడు గట్టిగా ఊపిరి పీల్చినా, దగ్గినా, తుమ్మినా పక్కలో పోటు పొడుస్తుంది. ఎక్కువగా ఒక్క వైపే వస్తుంది. దగ్గు పొడిగా ఉంటుంది. సాయంత్రం అయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడుతుంది. ఆకలి ఉండదు. జాకెట్టు వదులవుతుంది. చేతి గాజులు జారతాయి.

నొప్పి తగ్గిందని మోసపోవద్దు

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. క్రిముల మీద ఒళ్ళు పోరాడుతుంది. ఆ పోరాటంలో పొరల మధ్య నీరు ఊరుతుంది. నీరు పెరిగితే రెండు పొరలూ దూరం జరుగుతాయి. ఒరుసుకోవడం ఆగిపోతుంది. పోటు తగ్గుతుంది. "హమ్మయ్య, కాపడం పని చేసింది" అనుకుంటారు.

కాని జబ్బు తగ్గలేదు, నీరు పెరిగింది. ఇప్పుడు ఆయాసం మొదలవుతుంది. బిందె ఎత్తుకుని నాలుగడుగులు వేస్తే రొప్పు వస్తుంది. నొప్పి తగ్గి ఆయాసం వచ్చిందంటే ఇక ఒక్క రోజు కూడా ఆగకూడదు.

డాక్టరు ఎలా కనిపెడతారు?

ముందు వీపు మీద వేళ్ళతో తట్టి చూస్తారు. ఖాళీ కుండ మీద తడితే ఒక చప్పుడు వస్తుంది. నిండు కుండ మీద తడితే ఇంకో చప్పుడు వస్తుంది. ఆ తేడా మీకు బాగా తెలుసు. డాక్టరు చూసేదీ అదే. నీరు ఉన్న చోట చప్పుడు మొద్దుగా ఉంటుంది.

తర్వాత ఎక్స్‌రే తీస్తారు. కడుపుతో ఉన్నవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి. కొన్నిచోట్ల స్కానింగ్ కూడా చేస్తారు. నీరు ఎంత ఉందో, ఎక్కడ ఉందో వీటిలో కనబడుతుంది. కాని ఆ నీరు ఎందువల్ల వచ్చిందో ఇవి చెప్పలేవు. న్యుమోనియా వల్ల నీరు చేరవచ్చు. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు, కాలేయం జబ్బు వల్ల చేరవచ్చు. క్యాన్సర్ వల్ల కూడా చేరవచ్చు. ఒక్కోదానికి ఒక్కో వైద్యం. అందుకే ఊహించి మందు వేస్తే సరిపోదు. తేల్చుకోవాలి.

కళ్ళె పరీక్ష కూడా చేస్తారు. పొరతో పాటు ఊపిరితిత్తిలో కూడా టీబీ ఉండవచ్చు. అది తెలియాలి కదా! కాని టీబీ పొరకే ఉంటే కళ్ళెలో క్రిములు కనబడవు.

ఒక ఇంట్లో ఇలా జరిగిందనుకుందాం. కోడలు మిరపకాయ కోతకు వెళ్తుంది. నెల రోజులుగా పక్కలో నొప్పి, జ్వరం. కళ్ళె పరీక్షలో ఏమీ లేదని చీటీ ఇచ్చారు. ఎక్స్‌రే చూసి పెద్దాస్పత్రికి వెళ్ళమని రాశారు.

"ఏం లేదన్నారుగా! ఇంకా ఆస్పత్రులెందుకే? కూలి పోతుంది" అంది అత్త.

"కళ్ళెలో లేదన్నారత్తయ్యా. పక్కలో నీరుందన్నారు" అంది కోడలు. చీటీ చూపించింది.

ఆ కోడలు చెప్పిన మాట గుర్తు పెట్టుకోండి. కళ్ళెలో లేదంటే ఒంట్లో లేదని కాదు.

సూదితో నీరు తీస్తే ప్రమాదమా?

"వీపులో సూది గుచ్చితే ఊపిరితిత్తికి చిల్లు పడుతుంది. నీరు తీస్తే ప్రాణం పోతుంది." ఇలాంటి మాటలు ఊళ్ళో వినిపిస్తాయి. ఈ భయంతోనే కొంతమంది పరీక్ష మానేసి ఇంటికి వచ్చేస్తారు. అసలు ఏం చేస్తారో తెలిస్తే భయం తగ్గుతుంది.

మంచం మీద కూర్చోబెడతారు. చేతులు ముందున్న బల్ల మీద ఆనించి కొంచెం వంగమంటారు. ముందు మత్తు సూది వేస్తారు. ఆ చోటు మొద్దుబారుతుంది. తర్వాత రెండు ఎముకల మధ్య నుంచి సూదితో నీరు తీస్తారు. ఆ కాసేపు కదలకుండా ఉండాలి. దగ్గు వస్తుంటే ముందే చెప్పాలి. పరీక్షకు కొంచెం నీరు చాలు. ఆయాసం ఎక్కువగా ఉంటే ఇంకొంచెం తీస్తారు. అప్పుడు ఊపిరి తేలిక పడుతుంది.

అరుదుగా కొందరికి పొరల మధ్యకు గాలి చేరుతుంది. అందుకే నీరు తీశాక కాసేపు కనిపెట్టి చూస్తారు. ఆయాసం గాని, నొప్పి గాని పెరిగితే వెంటనే నర్సుకు చెప్పాలి.

సూది వేసే ముందు ఒక కాగితం మీద సంతకం అడుగుతారు. ఇప్పుడు మీరు వేలిముద్ర వేయక్కర లేదు. అందులో ఏముందో అడిగి తెలుసుకోండి. తర్వాత సంతకం పెట్టండి.

దొంగ దొరకడు, అడుగులు దొరుకుతాయి

తీసిన నీటిలో టీబీ క్రిములు చాలా తక్కువగా ఉంటాయి. సూక్ష్మదర్శినిలో పెట్టి చూసినా 10 మందిలో ఒక్కరికి కూడా సరిగా కనబడవు. సీబీనాట్ అనే కొత్త యంత్రంలో పెట్టినా చాలామందికి దొరకవు. మరి ఎలా?

రాత్రి చేలో పశువు పడి మేసింది. పొద్దున చూస్తే పశువు లేదు. కాని గిట్టల గుర్తులు ఉన్నాయి. వాటిని బట్టి ఏ పశువో చెబుతాం. డాక్టరు కూడా అంతే. నీటిలో గుర్తులు వెతుకుతారు.

మొదటి గుర్తు రంగు. టీబీ నీరు ఎక్కువగా ఎండుగడ్డి రంగులో ఉంటుంది.
రెండో గుర్తు మాంసకృత్తులు. అవి ఎక్కువగా ఉంటాయి.
మూడో గుర్తు తెల్లకణాలు. వాటిలో లింఫోసైట్లు అనే రకం ఎక్కువగా ఉంటుంది.
నాలుగో గుర్తు ఏ.డి.ఏ. అనే పరీక్ష. చీటీలో దాని ఎదురుగా ఒక అంకె ఉంటుంది. 40 దాటితే టీబీ అనుమానం గట్టిపడుతుంది.

అయితే ఒక్క అంకెను చూసి తేల్చరు. చీము పట్టినా ఏ.డి.ఏ. పెరుగుతుంది. అన్ని గుర్తులూ కలిపి చూస్తారు. అప్పటికీ తేలకపోతే పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. షుగరు పరీక్ష, హెచ్.ఐ.వి. పరీక్ష కూడా చేస్తారు. ఇవి టీబీ వచ్చిన అందరికీ చేసేవే. అవమానం అనుకోవద్దు.

నీరు దానంతట అదే తగ్గితే?

కొంతమందికి మందు వేయకపోయినా ఈ నీరు ఇంకిపోతుంది. మనిషి తేరుకుంటుంది. జబ్బు పోయిందనుకుంటారు. పోలేదు, దాక్కుంది. 1955లో అమెరికాలో సైనికుల మీద చేసిన ఒక పరిశీలన అచ్చయింది. అప్పట్లో మందు లేకుండానే నీరు తగ్గినవాళ్ళలో 100 మందికి 65 మంది తర్వాత మళ్ళీ టీబీ పాలయ్యారు. అందుకే నీరు ఎందుకు వచ్చిందో ఇప్పుడే తేల్చుకోవాలి.

తేలితే మందు ఉంది. మామూలుగా 6 నెలలు వాడాలి. మొదటి 2 నెలలు నాలుగు రకాల మందులు, తర్వాత 4 నెలలు మూడు రకాలు. ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితం. మూత్రం ఎర్రగా వస్తుంది. అది మందు రంగు, భయం లేదు. కళ్ళు పచ్చబడితే మాత్రం వెంటనే డాక్టరుకు చూపించాలి. కాన్పు రాకుండా మాత్రలు వాడేవాళ్ళు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. టీబీ మందు వల్ల ఆ మాత్రలు సరిగా పని చేయవు.

తిండి కోసం నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు. 2018లో 500తో మొదలైన సాయం 2024 నవంబరు నుంచి 1000 అయింది. దీని గురించి ఆశ కార్యకర్తను అడగండి. 1800-11-6666 నంబరుకు ఫోను చేసినా చెబుతారు. ఈ ఫోనుకు డబ్బులు పడవు.

ఆమెను వేరు పెట్టకండి

టీబీ పొరకే ఉంటే అది మామూలుగా ఇంకొకరికి అంటదు. కళ్ళె పరీక్ష చేయించేది ఇందుకు కూడా. కళ్ళెలో క్రిములు లేవని తేలిన మనిషికి వేరే కంచం, వేరే గది ఎందుకు? పుట్టింటికి పంపడం ఎందుకు? చంటిబిడ్డకు పాలు కూడా ఇవ్వవచ్చు. ఆమెకు కావలసింది మందు, తిండి, కాస్త విశ్రాంతి.

అక్కలారా! మీ ఇంట్లో, మీ వీధిలో ఎవరికైనా పక్కలో పోటు, సాయంత్రం జ్వరం ఉన్నాయా? అడిగి చూడండి. ఉంటే తోడు వెళ్ళండి. చీటీ చేతికి రాగానే చదవండి. ఇంగ్లీషులో ఉన్నా తేదీలు, అంకెలు మీకు తెలుస్తాయి. మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారో చూడండి. "కళ్ళెలో లేదు సరే, పక్కలో నీరు ఎందుకు వచ్చింది?" అని డాక్టరును అడగండి. జవాబు దొరికేదాకా అడగండి.