మిసైల్ వెంటపడితే స్పీడు పెంచడమే! ఎస్ఆర్-71 బ్లాక్‌బర్డ్ అసలు కథ

ఈ రోజు ఒక విమానం గురించి మాట్లాడుకుందాం. దీనిలో తుపాకీ లేదు, బాంబు లేదు, మిసైల్ లేదు. ఉన్నవల్లా కెమెరాలు, రాడార్, సెన్సార్లు. మరి శత్రువు కింద నుంచి మిసైల్ వదిలితే ఏం చేస్తుంది? ఇంకాస్త స్పీడు పెంచుతుంది. అంతే! అదే ఎస్ఆర్-71 బ్లాక్‌బర్డ్.

అసలు ఇలాంటి విమానం ఎందుకు కావాల్సొచ్చింది? 1960 మే 1న అమెరికా గూఢచారి విమానం యూ-2ని సోవియట్ యూనియన్ మిసైల్‌తో కూల్చేసింది. పైలట్ గ్యారీ పవర్స్ ప్రాణాలతో దొరికిపోయాడు. బాగా ఎత్తులో ఎగిరితే చాలు, ఎవరూ ఏం చేయలేరు అన్న నమ్మకం ఆ రోజుతో పోయింది. ఎత్తుతో పాటు వేగం కూడా ఉండాలి. లాక్‌హీడ్ కంపెనీలో కెల్లీ జాన్సన్ అనే ఇంజనీర్ టీమ్ అప్పటికే ఆ పనిలో ఉంది. ముందు సీఐఏ కోసం ఏ-12 వచ్చింది. దాని తమ్ముడే ఎస్ఆర్-71. 1964 డిసెంబర్ 22న మొదటిసారి ఎగిరింది.

దీని వేగం ధ్వని వేగానికి మూడు రెట్ల పైనే. సెకనుకి దాదాపు ఒక కిలోమీటరు అన్నమాట. ఎత్తు 85,000 అడుగులు, అంటే సుమారు 26 కిలోమీటర్లు. మనం ఎక్కే విమానాలు తిరిగే ఎత్తుకి రెట్టింపు పైమాటే. మిసైల్ అంత పైకి చేరేలోపు ఈ విమానం పదుల కిలోమీటర్లు దాటిపోతుంది. పైగా అక్కడ గాలి చాలా పలచన. మిసైల్ రెక్కలకి పట్టు దొరకదు, గబుక్కున మలుపు తిరగలేదు.

కానీ ఫ్రెండ్స్, అసలు శత్రువు మిసైల్ కాదు. వేడి!

సైకిల్ పంపు గట్టిగా కొడితే పంపు కింది భాగం వేడెక్కడం చూసే ఉంటారు. గాలిని నొక్కితే అది వేడెక్కుతుంది. ఇక్కడా అదే జరుగుతుంది. బయట గాలి మైనస్ 50 డిగ్రీల పైన చల్లగా ఉన్నా, విమానం ఆ గాలిని ఎంత గట్టిగా నొక్కుకుంటూ వెళ్తుందంటే, దాని ఒళ్లు 260 డిగ్రీలు దాటి కాలుతుంది. మామూలు విమానాల్లో వాడే అల్యూమినియం ఆ వేడికి బలం కోల్పోతుంది. అందుకే చాలావరకు టైటానియంతో కట్టారు. ట్విస్ట్ ఏంటంటే, ఆ టైటానియంలో ఎక్కువ భాగం వచ్చింది సోవియట్ యూనియన్ నుంచే! మధ్యలో వేరే కంపెనీల పేర్లు పెట్టి కొన్నారు. ఎవరి మీద నిఘా పెట్టాలో వాళ్ల లోహంతోనే విమానం కట్టారన్నమాట.

టైటానియం చాలా మొండి లోహం. ఎండాకాలంలో వెల్డింగ్ చేసిన ప్యానెళ్లు త్వరగా పాడవుతున్నాయి, చలికాలంలో చేసినవి బాగుంటున్నాయి. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. చివరికి తేలిందేంటంటే, ఎండాకాలంలో నాచు పట్టకుండా ఊరి నీళ్లలో క్లోరిన్ కలుపుతున్నారు. ఆ నీళ్లతో ప్యానెళ్లు కడగడమే కారణం! పూతలో కాడ్మియం ఉన్న పానాలు వాడితే బోల్టులు కూడా విరిగిపోయేవి. అలాంటి పానాలన్నీ ఏరి పారేశారు.

వేడికి విమానం సాగుతుంది కూడా. అందుకని ప్యానెళ్ల మధ్య సందులు వదిలారు. దాంతో నేల మీద ఉన్నప్పుడు ఫ్యూయల్ బొట్లు బొట్లుగా కారేది. టేకాఫ్ అయిన కాసేపటికే గాల్లో మళ్లీ ఫ్యూయల్ నింపుకునేది కాబట్టి, కారిపోయింది నింపుకోవడానికే అని చాలామంది అనుకుంటారు. నిజానికి తక్కువ బరువుతో లేస్తే టైర్లకి, బ్రేకులకి సేఫ్ అని కావాలనే తక్కువ ఫ్యూయల్‌తో బయల్దేరేవాళ్లు. ఆ ఫ్యూయల్ పేరు జేపీ-7. అందులో వెలిగించిన అగ్గిపుల్ల వేసినా అంటుకోదు! ఇంజన్ స్టార్ట్ చేయడానికి గాలి తగిలితే చాలు మండే మరో రసాయనం చిమ్మాలి. అప్పుడు ఆకుపచ్చ మంట వస్తుంది.

ఇప్పుడు ఇంజన్ సంగతి. ఇంజన్ లోపలికి గాలి ధ్వని కంటే తక్కువ వేగంతోనే వెళ్లాలి. అందుకే ముందు శంకువు లాంటి స్పైక్ పెట్టారు. వేగం పెరిగేకొద్దీ అది వెనక్కి జరిగి గాలిని సరిగ్గా నొక్కుతుంది. పూర్తి వేగంలో విమానాన్ని నెట్టే బలంలో సగానికి పైగా ఈ గాలి ద్వారం అమరిక వల్లే వస్తుంది. అదే అటూ ఇటూ అయితే? ఒక పక్క బలం ఠక్కున పోతుంది, విమానం పక్కకి విసురుగా తిరుగుతుంది. దీన్నే అన్‌స్టార్ట్ అంటారు. పైలట్ల హెల్మెట్లు అద్దానికి కొట్టుకునేవి.

1966 జనవరి 25న ఇదే ప్రాణం తీసింది. టెస్ట్ పైలట్ బిల్ వీవర్, వెనక సీట్లో జిమ్ జ్వేయర్. దాదాపు 78,000 అడుగుల ఎత్తులో, మలుపులో ఉండగా కుడి ఇంజన్ అన్‌స్టార్ట్ అయింది. విమానం గాల్లోనే ముక్కలైపోయింది. వీవర్ ఇజెక్ట్ కూడా అవ్వలేదు. స్పృహ వచ్చేసరికి విమానం లేదు, తాను ఆకాశంలో పడిపోతున్నాడు. గాలి నింపుకున్న ప్రెషర్ సూట్, అందులోని ఆక్సిజన్ అతన్ని బతికించాయి. పారాచూట్ దానంతటదే తెరుచుకుంది. న్యూ మెక్సికోలో ఒక పశువుల క్షేత్రంలో దిగాడు. జ్వేయర్ మాత్రం మెడ విరిగి చనిపోయాడు. రెండు వారాల్లో వీవర్ మళ్లీ ఎస్ఆర్-71 ఎక్కాడు. తర్వాత కాలంలో కంప్యూటర్ కంట్రోల్ పెట్టాక అన్‌స్టార్ట్‌లు బాగా తగ్గాయి.

మొత్తం 32 విమానాలు కట్టారు. వాటిలో 12 ప్రమాదాల్లో పోయాయి. శత్రువు కూల్చినవి మాత్రం సున్నా.

మరి ఎందుకు ఆపేశారు? ఖర్చు ఎక్కువ. ప్రతి మిషన్‌కీ గాల్లో ఫ్యూయల్ నింపే ట్యాంకర్లు కావాలి. పైగా ఫోటోలు చూడాలంటే విమానం దిగేదాకా ఆగాలి. ఉపగ్రహాలు పైనుంచే నేరుగా పంపేస్తాయి. 1990 మార్చి 6న ఒక ఎస్ఆర్-71 మ్యూజియంకి వెళ్తూ వెళ్తూ లాస్ ఏంజెలిస్ నుంచి వాషింగ్టన్‌కి 64 నిమిషాల్లో చేరింది. రిటైర్ అవుతూ కూడా రికార్డు కొట్టింది! మధ్యలో కొన్నాళ్లు మళ్లీ తెచ్చినా, చివరికి 1999లో నాసా దగ్గర ఆఖరిసారి ఎగిరింది.

ఇదంతా చాలావరకు స్లైడ్ రూల్స్‌తో, కాగితం మీద లెక్కలేసి కట్టిన విమానం ఫ్రెండ్స్. ఈ రోజు మన జేబులో ఉన్న ఫోన్‌కున్న శక్తిలో వెయ్యో వంతు కూడా వాళ్ల చేతిలో లేదు. ప్యానెల్ ఎందుకు పగులుతోందని అడిగి, ఊరి నీళ్ల దాకా వెళ్లి కారణం పట్టుకున్నారు చూడండి, ఇంజనీరింగ్ అంటే అదే. చదువుకునేవాళ్లు ఆ ఒక్కటి గుర్తుపెట్టుకోండి.

మీకు ఇందులో ఏది బాగా ఆశ్చర్యంగా అనిపించిందో కామెంట్లలో చెప్పండి. మరో ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా సెలవు.